సముద్రం దాటే ముందు: యౌవనస్థులను విదేశీ మిషనరీ సేవకు సిద్ధం చేసే విధానం

మన సంఘాల్లో ఏటా ఎండాకాలంలో జరిగే యువజన కూటాల ఆఖరి రాత్రి ఒక దృశ్యం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. ప్రసంగం ముగిసి, పాట నెమ్మదించి, ఇతర దేశాలకు వెళ్ళడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారని ప్రసంగీకులు అడిగినప్పుడు పదిహేను, ఇరవై చేతులు పైకి లేస్తాయి. కొందరు కన్నీళ్ళతో ముందుకు వస్తారు, ఎవరో ఒకరు వారి పేర్లు నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకం ఏమైందని ఆరు నెలల తర్వాత అడిగితే చాలా చోట్ల జవాబు ఉండదు. ఆ పుస్తకాన్ని చేతిలో పట్టుకుని, సోమవారం ఉదయం ఎక్కడ మొదలు పెట్టాలో తెలియక కూర్చున్న కాపరుల కోసం, సంఘ పెద్దల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. దేశాన్ని బట్టి వివరాలు మారతాయి కాబట్టి ఉదాహరణలన్నీ వీలైనంత వరకు ఒకే చోటి నుంచి, అంటే టాంజానియా నుంచి తీసుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సంఘాలు పిల్లలకు మాట్లాడటం బాగానే నేర్పుతున్నాయి. సండే స్కూల్లో కంఠతా వాక్యం అప్పజెప్పిన పిల్లవాడు పదహారేళ్ళకు సాక్ష్యం చెబుతాడు, పద్దెనిమిదేళ్ళకు పాటల బృందాన్ని నడిపిస్తాడు, ఇరవై దాటేసరికి మైకు పట్టుకుని అరగంట వాక్యం చెప్పగలుగుతాడు. అదే కుర్రవాడు దారెస్సలాంలో విమానం దిగిన రోజు నుంచి కనీసం ఒక సంవత్సరం పాటు నోరు లేనివాడితో సమానం, ఎందుకంటే అతని వాక్చాతుర్యమంతా తెలుగులో ఉండిపోయింది, అక్కడ ఐదేళ్ళ పిల్లలు కూడా అతని మాట విని నవ్వుతారు. ఆ సంవత్సరాన్ని చిన్నబుచ్చుకోకుండా, వింటూ, నేర్చుకుంటూ గడపగల మనిషిని తయారు చేయడమే శిక్షణలో అసలు పని. వేదాంత తరగతులు, వీసా కాగితాలు, నిధుల సేకరణ అన్నీ అవసరమే గాని, ఆ ఒక్కటి లేకపోతే ఇవేవీ అతణ్ణి అక్కడ నిలబెట్టవు.

రెండు రకాల ప్రయాణాలు

తెలుగు సంఘాలకు విదేశీ పరిచర్య కొత్త కాదు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది మొదలు ఎందరో తెలుగు కూలీలు ఒప్పందాల మీద నేటాల్ తోటలకు వెళ్ళారు. వారి కాపుదల కోసం తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని 1903లో అక్కడికి పంపించారు. అదే ఏడాది డిసెంబరు 27న కియర్స్నీ తేయాకు తోటలో సంఘం ఏర్పడింది. అమెరికా మిషనరీలు నెల్లూరులో స్థిరపడి అప్పటికి 63 ఏళ్ళే అయింది. అంటే సువార్త అందుకున్న సంఘం మూడు తరాలు తిరక్కముందే పంపే సంఘమైందన్న మాట.

అయితే రంగయ్య గారు వెళ్ళింది తెలుగు వాళ్ళ దగ్గరికే. ఈ రోజు గల్ఫ్ దేశాల్లోనో, అమెరికాలోనో ఉన్న తెలుగు సహవాసాలకు వెళ్ళే కాపరులది కూడా అదే దారి. వారికి ఆ దేశపు చట్టాలు తెలియాలి, వలస బతుకుల్లోని కష్టం తెలియాలి. భాష మాత్రం మారదు. వేరే భాష, వేరే తిండి, వేరే మర్యాదలు గల ప్రజల మధ్యకు వెళ్ళడం పూర్తిగా మరో పని, దానికి శిక్షణ కూడా వేరు. పుస్తకంలో పేరు రాసుకున్న ప్రతి యువకుణ్ణీ, యువతినీ ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: నువ్వు వెళ్ళాలనుకుంటున్నది మన వాళ్ళ దగ్గరికా, మన వాళ్ళు కాని వాళ్ళ దగ్గరికా? చాలా మంది ఆ రాత్రి దీని గురించి ఆలోచించి ఉండరు.

రెండో దారికి మన నేల మీదే మంచి ఉదాహరణలు ఉన్నాయి. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొరకు అప్పటికి 49 ఏళ్ళు. కొన్నేళ్ళ తర్వాత అమెరికా తిరిగి వెళ్ళినప్పుడు ఆయన విశ్రాంతి తీసుకోకుండా, యాభై దాటిన వయసులో వైద్య పట్టా సంపాదించి మళ్ళీ వచ్చి, పల్నాడులో గురజాల వైపు పని మొదలు పెట్టాడు. ప్రజలకు ఏది అవసరమో కళ్ళారా చూశాక దానికి తగ్గట్టు తనను తాను తిరిగి తయారు చేసుకున్నాడన్న మాట. తిరునల్వేలి జిల్లాలో పుట్టిన అజరయ్య గారు 1909లో నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడే బిషప్ అయ్యారు. తమిళ పల్లెలో పుట్టిన మనిషికి ఆనాటి డోర్నకల్ పరదేశమే. ఆయన 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల త్యాగాలను మెచ్చుకుని, చివరకు వారిని అడిగింది స్నేహాన్ని. నూరేళ్ళ క్రితం మన వైపు నుంచి వెళ్ళిన ఆ విన్నపాన్ని, ఇప్పుడు పంపేవాళ్ళుగా మారిన మనం మన పిల్లలకు మొదటి పాఠంగా చెప్పాలి.

పిలుపును సంఘం కూడా వినాలి

అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో బర్నబా, సౌలు తమంతట తాము బయలుదేరలేదు. అంతియొకయలోని సంఘం ఉపవాసముండి, ప్రార్థన చేసి, వారి మీద చేతులుంచి పంపింది. వెళ్ళాలన్న కోరిక యువకుడికి కలగవచ్చు గాని, అతను తగినవాడా కాదా అన్నది అతణ్ణి రోజూ చూసే వాళ్ళు తేల్చాలి. ఇందుకు ఒక ఏడాది కేటాయించండి. ఆ ఏడాదిలో అతనికి వేదిక మీద పని ఇవ్వకండి. ఆరాధన అయ్యాక చాపలు చుట్టడం, సంఘంలో జబ్బుపడ్డ ముసలివాళ్ళను ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళి ఓపీ క్యూలో నిలబడటం, కానుకల లెక్క పెద్దలతో కూర్చుని రాయడం వంటి పనులు ఇవ్వండి. ఎవరూ చూడని పనిలో అతని ముఖం ఎలా ఉంటుందో గమనించండి. నాలుగు నెలలు తిరిగేసరికి పుస్తకంలోని ఇరవై పేర్లు ఐదుకు దిగుతాయి. అందులో బాధ పడవలసింది లేదు. మిగిలిన పదిహేను మందీ ఇక్కడే మంచి విశ్వాసులుగా, పంపేవాళ్ళుగా ఉంటారు.

ఇంట్లో పరిస్థితిని దాచకుండా మాట్లాడండి. తండ్రి అప్పు ఎంత, చెల్లెలి పెళ్ళి బాధ్యత ఎవరిది, తల్లికి షుగరు ఉంటే చూసుకునేది ఎవరు అనే ప్రశ్నలు ఆత్మీయం కావని కొందరు అనుకుంటారు. నా అనుభవంలో మధ్యలో తిరిగి వచ్చిన వాళ్ళలో ఎక్కువ మందిని వెనక్కి లాగినవి ఇవే. పైగా కొడుకు ఫారిన్ వెళ్ళాడనగానే డాలర్లు సంపాదిస్తున్నాడని ఊరంతా అనుకుంటుంది. బంధువులు అప్పు అడుగుతారు, ఇవ్వకపోతే నిష్ఠూరమాడతారు. కాపరి, ఇద్దరు పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి, అతనికి వచ్చేది జీవన భృతి మాత్రమేనని తల్లిదండ్రులకు, మేనమామలకు కూడా విడమర్చి చెప్పి రావాలి.

పెళ్ళయిన వాళ్ళయితే భార్యాభర్తలను విడివిడిగా అడగండి. విలియం కేరీ 1793లో బెంగాల్‌కు వచ్చేటప్పుడు ఆయన భార్య డొరొతీ మొదట రానని గట్టిగానే చెప్పింది, ఆఖరి నిమిషంలో ఒప్పుకుంది. మరుసటి సంవత్సరం కొడుకు పీటర్ చనిపోయాక ఆమె మనసు చెదిరిపోయి, 1807లో కన్నుమూసే వరకు కోలుకోలేదు. కేరీ గొప్పతనం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం గాని ఆమె కథను శిక్షణలో చెప్పేవాళ్ళు తక్కువ. "మా ఆయనకు పిలుపు వచ్చింది కాబట్టి నేనూ వెళ్తాను" అన్న సమాధానం సరిపోదని నా ఉద్దేశం. ఆమె ఏం నేర్చుకుంటుంది, అక్కడ రోజంతా ఏం చేస్తుంది, పిల్లల చదువు ఏ మాధ్యమంలో అన్నవి తేలే వరకు ఆ కుటుంబాన్ని పంపకూడదు.

పక్క రాష్ట్రంలో తొమ్మిది నెలలు

శిక్షణలో ఎక్కువ కాలం, ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడ. మేము కొన్నేళ్ళ క్రితం ఒక యువకుణ్ణి ఆరు నెలల బైబిలు తరగతులు చెప్పించి నేరుగా ఆఫ్రికాకు పంపించాం. వాక్యంలో దిట్ట, గొంతు కూడా మంచిది. ఎనిమిది నెలలకే వచ్చేశాడు. ఏమైందని అడిగితే తిండి సాకు చెప్పాడు, దోమల సాకు చెప్పాడు, చివరకు ఒక రాత్రి, "అక్కడ నేనెవరికీ ఏమీ కానండి, అన్నా" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు. ఎవరికీ ఏమీ కాకుండా ఉండటం ఎలా ఉంటుందో అతనికి ముందు రుచి చూపించకపోవడం మా తప్పు.

అప్పటి నుంచి ప్రతి అభ్యర్థినీ ముందుగా తెలుగు పనికిరాని చోటికి తొమ్మిది నెలలు పంపుతున్నాం. ఉత్తరాంధ్ర సంఘాలకు ఒడిశాలోని కొరాపుట్ జిల్లా దగ్గర. అక్కడ పల్లెల్లో, సంతల్లో దేశియా అనే ఒడియా యాస మాట్లాడతారు. ఆదిలాబాద్ వైపు వాళ్ళు ఉట్నూరు పరిసరాల్లో గోండి మాట్లాడే గూడేలకు వెళ్ళవచ్చు. ముందే ఉన్న స్థానిక సంఘం పెద్దలను అడిగి, వారి అనుమతితో, వారి చెప్పుచేతల్లో ఉండేలా పంపాలి. ఈ తొమ్మిది నెలల్లో అతను బోధించకూడదు, బాప్తిస్మం మాట ఎత్తకూడదు. అతను విద్యార్థిగానే వెళ్తున్నాడు. బలవంతంగానో, ఆశ చూపో మతం మార్చడాన్ని నిషేధించే మతస్వేచ్ఛ చట్టం ఒడిశాలో 1967 నుంచి ఉందన్న సంగతి కూడా అతనికి బయలుదేరే ముందే చెప్పాలి. చట్టాన్ని పక్క రాష్ట్రంలో గౌరవించడం నేర్చుకోని వాడు పరాయి దేశంలో గౌరవిస్తాడని నమ్మలేం.

భాష నేర్చుకునే పద్ధతి చాలా సామాన్యమైనది. ఉదయం ఒక స్థానికుడి దగ్గర ఐదు వాక్యాలు అడిగి నేర్చుకోవాలి, ఫోనులో రికార్డు చేసుకోవాలి, తెలుగు లిపిలో రాసుకోవాలి. ఆ ఐదు వాక్యాలనే ఆ రోజు ముప్పై, నలభై మందితో అనాలి. మొదటి రోజు వాక్యాలు ఇలా ఉంటే చాలు: "నమస్కారం. నేను మీ భాష నేర్చుకుంటున్నాను. నాకు ఇంతే వచ్చు. రేపు మళ్ళీ వస్తాను. ఉంటాను." ఒక అమ్మాయి కొరాపుట్‌లో చింతపండు గింజలు తీస్తున్న ముసలమ్మ పక్కన కూర్చుని ఇవే వాక్యాలు చెప్పింది. నాలుగో రోజుకు ఆ అమ్మాయి తప్పు పలికిన మాటను ముసలమ్మ పట్టుకుని, గింజ ఒకటి పైకెత్తి చూపిస్తూ, ఆ అమ్మాయి సరిగ్గా అనే దాకా దాన్ని కింద పెట్టలేదు. తరగతి గదిలో అలాంటి ఉపాధ్యాయురాలు దొరకదు. సాయంత్రం దినచర్య పుస్తకంలో మూడు సంగతులు రాయించండి: ఈ రోజు కొత్తగా విన్న మాటలు, నాకు అర్థం కాని ఒక నడవడి, నన్ను చూసి ఎవరు నవ్వారు, ఎందుకు. మూడోదే అన్నిటికంటే ముఖ్యం.

తిండి విషయంలో రెండు వారాల్లో తేలిపోతుంది. మండియా పేజ్ అనే రాగి అంబలి పొద్దునా సాయంత్రం తాగగలిగిన వాడికి టాంజానియాలో ఉజి అనే రాగి జావ కొత్తగా అనిపించదు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి కూడా మన సంకటికి చుట్టమే, చేత్తోనే తింటారు. ఆవకాయ సీసా సర్దుకోవద్దని నేను చెప్పను. ఇంటి ముద్ద గుర్తొచ్చి ఏడ్చే రాత్రి ఒకటి వస్తుంది. కాని ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే ఆ సీసా సంచిలోంచి బయటికి రాకూడదు.

కొరాపుట్ సంతల్లో తెలుగువాడు కనిపిస్తే వ్యాపారానికే వచ్చాడనుకుంటారు. దీన్ని అభ్యర్థి మనసుకు పట్టించండి, ఎందుకంటే తూర్పు ఆఫ్రికాలో భారతీయుణ్ణి చూడగానే చాలా మందికి గుర్తొచ్చేది దుకాణదారే. తరతరాలుగా అక్కడ అంగళ్ళు నడుపుతున్న గుజరాతీ కుటుంబాల వల్ల ఆ అభిప్రాయం ఏర్పడింది. ధర కట్టే వాడిగా, పని చెప్పే వాడిగా కనిపించిన భారతీయుడు ఒక రోజు వాళ్ళ గుమ్మంలో కూర్చుని మాట నేర్పమని అడిగితే వాళ్ళకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఆశ్చర్యం దగ్గరే అతని పరిచర్య మొదలవుతుంది.

స్వాహిలి ముచ్చట

వెళ్ళబోయే దేశపు భాషకు ఇక్కడే పునాది వేయాలి, కనీసం ఆరు నెలలు. స్వాహిలి విషయంలో తెలుగువాళ్ళకు ఒక అదృష్టం ఉంది: అది కూడా అజంత భాషే, మాటలు అచ్చులతో ముగుస్తాయి, అందుచేత ఉచ్చారణ మన నోటికి తొందరగానే పట్టుబడుతుంది. అరబ్బీ నుంచి, హిందీ నుంచి చేరిన మాటలు కూడా చాలా ఉన్నాయి. దునియా అంటే ప్రపంచమే, చాయ్ అంటే టీయే, దుకా అంటే దుకాణమే, కితాబు అంటే పుస్తకమే. చిక్కంతా వ్యాకరణంలో ఉంది. మనం మాట చివర ప్రత్యయం చేరుస్తాం, వాళ్ళు మొదట చేరుస్తారు. మంచి పుస్తకం "కితాబు కిజూరి", మంచి పుస్తకాలు "వితాబు విజూరి". నామవాచకం మారితే విశేషణం కూడా దాని వెంట మారాలి. ఇది బట్టీ పడితే రాదు, పాటలా వినాలి. వారానికి ఐదు రోజులు, రోజుకు గంట చొప్పున స్వాహిలి రేడియో వార్తలు వినిపించండి. మొదటి నెలలో ఒక్క ముక్క కూడా అర్థం కాకపోయినా సరే, చెవి అలవాటు పడుతుంది.

కాలం లెక్క వేరుగా ఉంటుందని తప్పకుండా చెప్పాలి. స్వాహిలిలో గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు. "సా మోజ", అంటే మాటకు మాట ఒంటిగంట, మన గడియారంలో ఉదయం ఏడు. ఆదివారం ఆరాధన "సా తాతు"కు అని చెబితే మూడు గంటలకని అనుకుని మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వెళ్ళిన మా అభ్యర్థికి తాళం వేసిన గుడి కనిపించింది. ఆరాధన ఉదయం తొమ్మిదికే మొదలై ముగిసిపోయింది.

మర్యాదలు కూడా భాషలో భాగమే. పెద్దవాళ్ళు ఎదురైతే "షికమో" అనాలి, వాళ్ళు "మరహబ" అని జవాబిస్తారు. ఇది మనం వందనాలు చెప్పినట్టే, దాన్ని మింగేసి నేరుగా పనిలోకి దిగితే పొగరుబోతు అనుకుంటారు. దారిలో ఎవరైనా కాలు తట్టుకుని తూలితే, మన తప్పు లేకపోయినా "పోలే" అంటారు. అయ్యో అన్న మాట అది. ఇక మన తల ఊపుడు ఉంది. అవునో కాదో తెలియకుండా పక్కలకు తల ఆడించే అలవాటు మనకు కనిపించదు గాని, చూసేవాళ్ళకు అది కాదు అన్నట్టుంటుంది. అభ్యర్థితో పది నిమిషాలు మాట్లాడి వీడియో తీసి చూపించండి, ఎన్నిసార్లు తల ఊపాడో అతనే లెక్కపెట్టుకుంటాడు.

తరగతి గదిలో నేర్పవలసినవి

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర లోటు లేనిది ఇక్కడే. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలుకొని చిన్న బైబిలు పాఠశాలల వరకు చదువుకోవడానికి చోట్లున్నాయి. రెండేళ్ళ క్రమమైన బైబిలు చదువు, సంఘ చరిత్ర, వెళ్ళే దేశపు చరిత్ర ఉండాలి. టాంజానియాలోని లూథరన్ సంఘం ప్రపంచంలోని పెద్ద లూథరన్ సంఘాల్లో ఒకటి; గుంటూరు లూథరన్ కుటుంబం నుంచి వెళ్ళే కుర్రవాడు తాను సంఘం లేని చోటికి వెళ్తున్నాననుకుంటే అంతకంటే అజ్ఞానం లేదు. అక్కడి బిషప్, అక్కడి పాస్టరు గారు ఎక్కడ పని ఉందంటే అక్కడే అతను పని చేయాలి. జంజీబారు వంటి చోట జనాభాలో అత్యధికులు ముస్లింలు. వాళ్ళ విశ్వాసం గురించి వాళ్ళ నోటి నుంచే విని నేర్చుకున్న రోజు దాని గురించి మాట్లాడే అర్హత కొద్దిగా వస్తుంది.

వృత్తి మాత్రం ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉండాలి. పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. నర్సింగు, వ్యవసాయం, బోరు మోటార్ల మరమ్మతు, లెక్కల బోధన, కుట్టుపని, ఏదైనా సరే. పట్టా కంటే చేతిలో పనితనం ముఖ్యం. చేసే పనికి విలువ ఉంటే అతనికి ఊళ్ళో చోటు ఉంటుంది.

కాగితాలు, ఆరోగ్యం, డబ్బు

పర్యాటక వీసా మీద పంపి, వెళ్ళాక చూసుకుందాం అనే పద్ధతిని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. టాంజానియాలో మిషనరీలకు, స్వచ్ఛంద సేవకులకు సి తరగతి నివాస అనుమతి ఉంది, కెన్యాలో ఐ తరగతి ఉంది. ఆహ్వానించే స్థానిక సంఘం ద్వారా దరఖాస్తు చేయాలి. అందుకు నెలలు పడుతుంది. ఆలోగా పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్, చదువు పత్రాల ధ్రువీకరణ సిద్ధం చేసుకోవచ్చు. వీసా అక్కరలేదు కదా అని నేపాల్ వైపు చూసేవాళ్ళకు ఒక హెచ్చరిక: అక్కడి 2015 రాజ్యాంగం ఇతరులను మతం మార్చడాన్ని నిషేధించింది, 2018లో అమలులోకి వచ్చిన నేర స్మృతి ప్రకారం దానికి ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. వెళ్ళేవాడికి ఇది తెలియకుండా పంపడం అతనికీ, అక్కడి చిన్న సంఘాలకూ ద్రోహం.

ఎల్లో ఫీవరు టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. పసుపు రంగు సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా తిరిగి వచ్చేటప్పుడు అది చేతిలో లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. మలేరియా మాత్రల గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి, దోమతెర సామానులో మొదట సర్దాలి. పళ్ళు కూడా చూపించుకుని వెళ్ళమనండి. చిన్న మాటే గాని, పల్లెటూళ్ళో అర్ధరాత్రి పంటి నొప్పి వస్తే ప్రార్థన కూడా సాగదు.

డబ్బు విషయంలో మిజోరం సంఘాలను చూసి నేర్చుకోవాలి. అక్కడి ఇల్లాళ్ళు ప్రతి పూటా అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం పక్కకు తీసి పెడతారు; నూరేళ్ళకు పైగా నడుస్తున్న ఆ అలవాటు మీద ఎందరో మిషనరీలు పని చేస్తున్నారు. ఒక్క ధనవంతుడి చెక్కు మీద ఆధారపడిన మిషనరీ ఆ ధనవంతుడికి కోపం వచ్చిన రోజు ఆగిపోతాడు, నూరు ఇళ్ళ గుప్పెడు బియ్యం మీద వెళ్ళినవాడు ఆగడు. కనీసం రెండేళ్ళ భృతికి మాట ఇచ్చిన ఇళ్ళ జాబితా, వెంటనే తిరిగి రావలసి వస్తే టికెట్టుకు విడిగా బ్యాంకులో వేసిన సొమ్ము, ఆరోగ్య బీమా, ఈ మూడూ లేకుండా తేదీ నిర్ణయించకండి. డబ్బు పంపే దారి గురించి ఆడిటరును ముందే అడగండి. ట్రస్టుగా నమోదైన సంఘం తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు ఆమోదం లేనిదే దానికి పన్ను మినహాయింపు రాదు. వ్యక్తులైతే రిజర్వు బ్యాంకు సరళీకృత పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల లోపు బ్యాంకు ద్వారానే పంపవచ్చు. తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపించడం, హవాలా, ఇవేవీ వద్దు. అభ్యర్థికి శిక్షణ మొదటి నెల నుంచే జమాఖర్చుల పుస్తకం ఇచ్చి, పది రూపాయల టీ కూడా రాయించండి.

పంపే రోజు, ఆ తర్వాత

పంపే ఆరాధనకు ఫ్లెక్సీ వేయించకండి. నిలువెత్తు ఫొటో, వెనక విమానం, పక్కన పెద్దల ముఖాలు ఉన్న ఆ ఫ్లెక్సీని ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, అది వీసా అధికారి దాకా వెళ్ళదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అంతకంటే పెద్ద నష్టం అతని మనసులో జరుగుతుంది: అంత ఆర్భాటంగా వెళ్ళినవాడు కష్టం వచ్చినా తిరిగి రావడానికి సిగ్గుపడతాడు. చేతులుంచి ప్రార్థన చేసి, బల్లారాధనలో పాలుపొంది, కలిసి భోంచేసి పంపండి. మార్కు అనబడిన యోహాను పెర్గేలో పౌలును విడిచి వెనక్కి వచ్చాడు. అతని వల్ల పౌలూ బర్నబా విడిపోయారు కూడా. కాని చివరి రోజుల్లో పౌలే, అతను పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని చెప్పి, వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు. తిరిగి రావలసి వస్తే రావచ్చునని, ఇంట్లో తలుపు తీసే ఉంటుందని ఆ రోజే అందరి ముందు చెప్పండి.

అతని నుంచి నెలకు ఒక ఉత్తరం చాలు. వారానికో వీడియో అడగకండి. అక్కడి పిల్లల చిరిగిన బట్టల ఫొటోలు పంపవద్దని ముందే ఒప్పందం చేసుకోండి. మన ఊరి పిల్లల ఫొటోలను అలా ఎవరైనా విదేశాల్లో చూపించి కానుకలు పోగు చేస్తే మనకు ఎలా ఉంటుందో అడిగితే అతనికే అర్థమవుతుంది. పక్షానికి ఒకసారి మాట్లాడటానికి ఒక్క మనిషిని నియమించండి. ఆ మనిషి కాపరి కాకపోతే మంచిది, ఎందుకంటే భృతి ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు బలహీనతలు చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఒంటరి యువతులకు పెళ్ళయిన అక్క ఒకరిని అప్పగించండి, రాత్రి ఎప్పుడు ఫోను చేసినా ఎత్తే మనిషిని.

రెండేళ్ళకు మొదటి సెలవు మీద వచ్చినప్పుడు ప్రతి సంఘమూ ఆహ్వానిస్తుంది, ప్రతి కూటంలోనూ సాక్ష్యం చెప్పమంటారు. మొదటి రెండు వారాలు ఎక్కడికీ పంపకండి. అమ్మ దగ్గర తిని పడుకోనివ్వండి. మాట్లాడటానికి నియమించిన ఆ మనిషి వెళ్ళి పక్కన కూర్చుని, ఎవరు చనిపోయారు, ఎవరితో గొడవ పడ్డావు, ఎప్పుడు భయపడ్డావు అని అడిగి, చెప్పినంత సేపూ వినాలి. ఆ రెండు వారాల్లోనే కాదు, తర్వాత మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా వైరల్ అని పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా, ఆఫ్రికా నుంచి వచ్చానని వైద్యుడికి చెప్పి ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించాలి.